పటానికి నాలుగు అవస్థలు

వేదాంతగోష్ఠులలో జగత్తు చిత్రం వంటిదన్న మాట తరచుగా వినబడుతుంది. విన్నవారిలో అధికులు దానిని "కనుక ఇది వట్టిది, త్యజింపదగినది" అన్న అర్థంలోనే గ్రహిస్తారు. ఆ ఉపమానాన్ని విస్తారంగా ప్రయోగించిన పంచదశీకర్త మాత్రం చిత్రాన్ని అంత తేలికగా తోసివేయలేదు. విద్యారణ్యస్వామి పేర ప్రసిద్ధమైన ఆ గ్రంథంలోని 15 ప్రకరణాలలో ఆరవది చిత్రదీపం. పటం మీద బొమ్మ ఏ క్రమంలో ఏర్పడుతుందో చక్కగా ఎరిగిన దృష్టి అందులో కనబడుతుంది. ఆ క్రమం తెలియనివారికి ఉపమానంలో సగమే దక్కుతుంది.

చిత్రపటానికి నాలుగు అవస్థలు చెప్పబడినవి. ఉతికి స్వచ్ఛంగా ఉన్న వస్త్రం ధౌతం. అన్నపు గంజి పూసి గట్టిపరచినది ఘట్టితం. మసితో ఆకారరేఖలు దిద్దినది లాంఛితం. వర్ణాలు నింపినది రంజితం. వీటికి దార్ష్టాంతికంగా శుద్ధచైతన్యం, మాయోపాధికుడైన అంతర్యామి, సూక్ష్మసృష్ట్యుపాధికుడైన సూత్రాత్మ, స్థూలసృష్ట్యుపాధికుడైన విరాట్టు వరుసగా నిరూపింపబడ్డారు.

ఈ నాలుగింటిలో సాధకులకు కొరుకుడుపడనిది రెండవ అవస్థ. గంజి పెట్టిన గుడ్డ మీద బొమ్మ ఏదీ లేదు. అయినా అది ఉతికిన గుడ్డ కాదు. మరి ఏమి మారినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం గ్రంథం కంటె శ్రీకాళహస్తి కలంకారీ పనివారి చేతులలో స్పష్టంగా కనబడుతుంది.

అక్కడ వస్త్రాన్ని సంస్కరించేది గంజితో కాదు, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలతో. పాలలోని జిడ్డు రంగును పక్కకు పాకనీయదు. కరక్కాయ చేసే పని ఇంకా నిగూఢమైనది. ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్ని వారాలు ఊరవేసి తీసిన ద్రవాన్ని కసిమి అంటారు. వెదురుపుల్ల చివర ఉన్నిగాని గుడ్డగాని చుట్టి, దారంతో బిగించి చేసిన కలాన్ని అందులో ముంచి గీత గీస్తారు. కసిమి స్వయంగా కాటుకనలుపు కాదు. కరక్కాయ పట్టిన వస్త్రాన్ని తాకిన తరువాతనే అది నల్లబడుతుంది. సంస్కారం లేని గుడ్డ మీద అదే ద్రవంతో ఆ నలుపు రాదు. అనగా రేఖ పుట్టకముందే రేఖాశక్తి ఆ వస్త్రంలో అవ్యక్తంగా చేరి ఉన్నది. అంతర్యామి స్థానంలో ఘట్టితపటాన్ని ఎందుకు నిలిపారో ఈ ఒక్క పని చూస్తే బోధపడుతుంది.

ఎరుపు సంగతి మరింత విచిత్రం. ఎర్రబడవలసిన చోట్ల ముందుగా పటికనీరు పూస్తారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడ ఉండదు. చిరువేరు, మంజిష్ఠ వంటి మూలికలు వేసిన నీటిలో వస్త్రాన్ని మరిగించినప్పుడు, పటిక ఉన్న చోటనే రంగు నిలిచిపోతుంది. తక్కినది ఉతుకులో తొలగుతుంది. పసుపుపచ్చ, నీలం అటుపై వస్తాయి. పసుపుపచ్చకు నీలం తోడైతే ఆకుపచ్చ.

మూడవదైన లాంఛితావస్థను గూర్చి చిత్రదీపం మరొక దృష్టాంతం చెబుతుంది. ఉషఃకాలంలోనో ప్రదోషవేళలోనో మందాంధకారంలో లోకం ఎట్లు అస్పష్టంగా తోచునో, సూత్రాత్మదశలో జగత్తు అట్లు ఉంటుందట. చింతపుల్లల బొగ్గుతో గీసిన తొలి రూపరేఖలను చూసినవారికి ఈ పోలిక కొత్తగా అనిపించదు. విష్ణుధర్మోత్తరపురాణంలోని చిత్రసూత్రం కూడ రేఖను ప్రశంసించేవారు ఆచార్యులనీ, వర్తనను అనగా ఛాయాకల్పనను విచక్షణులు మెచ్చుతారనీ, వర్ణాఢ్యత ఇతరులను ఆకర్షిస్తుందనీ తారతమ్యం చూపుతుంది. చిత్రవిద్యలో రేఖ, వర్తన, వర్ణం అన్న మాటలకు ఈ వరుస ప్రాణప్రదం.

ఇక అసలు చిక్కు చిత్రంలోని మనుష్యుల దగ్గర ఉన్నది. బొమ్మలోని రాజుకు చీనాంబరం, సేవకుడికి ముతకబట్ట చిత్రిస్తారు. ఆ బట్టలు ఆధారవస్త్రం వంటివే అన్నట్లు తోస్తాయి. కాని చలిని ఆపగలిగేది ఆధారవస్త్రమొక్కటే. చిత్రిత వస్త్రం ఆభాస. జీవుడు తనదనుకొనే చైతన్యం అట్టి చిదాభాస. అదే పటంలో కొండలు కూడ ఉంటాయి. వాటికి ఎవ్వరూ బట్టలు గీయరు. మన్నూ రాయీ మొదలైన జడపదార్థాలకు చిదాభాస లేదని చెప్పడానికి ఇంత సహజమైన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. ఆచార్యుడు పటాన్ని తీరికగా, బహుశః చిరునవ్వుతో చూశాడని ఇక్కడ అనిపించక మానదు.

కాబట్టి చిత్రాన్ని చెరపివేయడం ఆ ప్రకరణానికి ఉద్దిష్టం కాదు. దానిని అనుసంధానం చేసినవారు జగచ్చిత్రాన్ని చూస్తూనే మునుపటివలె మోహపడరని ఫలశ్రుతి చెబుతున్నది. "చూస్తూనే" అన్నది అక్కడి ముఖ్యపదం. మిథ్య అంటూ దేవతాచిత్రాన్ని నిర్లక్ష్యం చేయడం వైరాగ్యం కాదు, సోమరితనం.

ఆ నిర్లక్ష్యం ఫలితం నేడు క్షేత్రవీథులలో కనబడుతూనే ఉన్నది. రసాయనపు రంగులతో అచ్చుగుద్దిన గుడ్డలు కలంకారీ పేరుతో చలామణి అవుతున్నాయి. భక్తులు వాటినే కొని పూజామందిరంలో వ్రేలాడదీస్తున్నారు. వాటిలో నాలుగు అవస్థలూ లేవు; తెల్లగుడ్డ ఒక్కసారిగా రంగుగుడ్డ అయింది. ఇంటింటా అవే వ్రేలాడితే, రోజుల తరబడి ఒక్క పటం మీద వంగి పనిచేసే కుటుంబాలు మరొక జీవనోపాధి వెదుక్కొనక తప్పదు. కొనేవారు పటాన్ని ఒకసారి వెనుకకు త్రిప్పి చూడడం మంచిది. నూలు వస్త్రంలోనికి ఇంకిన సహజవర్ణం సాధారణంగా వెనుకవైపుకూ తేలుతుంది. అచ్చు రంగు తరచుగా పైపొరలోనే ఆగుతుంది. తరువాత ముందువైపున ఒకే అంచులో పదేపదే వచ్చే పువ్వులను పరిశీలించాలి. చేతి గీతలో ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒక్కటి కావు.