ఇంగువ కట్టిన గుడ్డ

చెన్నపురిలో చింతాద్రిపేట యన్న పేరు వినగానే పెద్దలకు మగ్గము గుర్తునకు వచ్చును. 1734వ సంవత్సరమున, మోర్టన్ పిట్ గవర్నరుగా నుండిన కాలమున, కూవము నది వంపులో సుంకురామ సెట్టి తోటగా నుండిన నేలపై, కంపెనీవారి బట్టల వర్తకమునకై నేతగాండ్రను రప్పించి కట్టించిన పేట యిది. చిన్న తరి, అనగా చిన్న మగ్గము, అను అరవ మాటలనుండి యీ పేరు పుట్టినదని చెప్పుదురు. ఆ మగ్గముల చప్పుడు నేడు వినరాదు. ఆదికేశవ పెరుమాళ్ళ కోవెల గంట మాత్రము వినవచ్చును, దానిని మించి వీధిలోని మోటారు బండ్ల రొద వినవచ్చును. మా తాతగారు నెల్లూరు సీమనుండి వచ్చి యిక్కడ కాపురము పెట్టిరి. నాటినుండి మా యింట భాష వీధిలో అరవము, నట్టింట తెలుగు, పిల్లల నోట ఇంగ్లీషుగా మారినది గాని, వంటయిల్లు మాత్రము మారలేదు. చారు, పులుసు, పచ్చడి, పెరుగు: ఈ నాలుగింటి వరుస తప్పిన భోజనమును మేము భోజనమనియే యెంచలేదు. కనుక వంటయింటి గడప దాటి వచ్చిన యొక వ్యాధిని గూర్చి యీ సంచికలో వ్రాయుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

మాకు ఏబది నాలుగవ యేట కడుపు చెడినది. దినమునకు నాలుగైదు సారులు విరేచనము, తిన్న గంటకే పొట్ట తప్పెటవలె ఉబ్బుట, మెట్లెక్కిన ఆయాసము. రెండేండ్లలో పదునొకండు కిలోల బరువు తగ్గితిమి. అమీబా యనిరి, వాయువనిరి, మనోవ్యాకులమనిరి. ఇనుము మాత్రలు ఎన్ని మింగినను రక్తము పట్టలేదు. తుదకు ఒక వైద్యుడు, ఇనుము ఇచ్చినను ఒంటికి ఎక్కకుండుటకు కారణమేమని తనకు తాను ప్రశ్న వేసికొని, రక్తమున ఒక ప్రత్యేక పరీక్షయు, గొట్టము దింపి చిన్న ప్రేవునుండి చిటికెడు కండ తీసి సూక్ష్మదర్శినితో పరీక్షయు చేయించెను. వ్యాధి పేరు సీలియాక్ అని తేలినది. గోధుమ, బార్లీ, రై యను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. ఈ వ్యాధి గలవారి శరీరము దానిని శత్రువని భ్రమించి పోరాడబోయి తన ప్రేవునే గాయపరచుకొనును. చిన్న ప్రేవు లోపలితట్టు మఖమలు గుడ్డవలె నూగుతో నుండవలెను. ఆ నూగే ఆహారసారమును పీల్చునది. మా ప్రేవులో ఆ నూగు అరిగి నూలు బట్టవలె చదునైనదట. నేతగాండ్ర పేటలో పుట్టిన మాకు ఆ మాట వెంటనే బోధపడినది.

వినినవారెల్లరు వింతపడిరి. గోధుమ జబ్బు వరియన్నము తినువారికి ఎట్లు వచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము కలదు. 2016లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో మన దేశపు మూడు ప్రాంతములలో ఇరువదిమూడు వేలకు పైబడిన పెద్దవారి రక్తమును పరీక్షించిరి. ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉత్తరమున నూటికి 1.23 మందిలోను, దక్షిణమున నూటికి 0.10 మందిలోను కనబడినవి. అయినను ఈ వ్యాధికి చోటిచ్చు జన్యువులు మాత్రము అన్ని ప్రాంతములలోను ఇంచుమించు సమముగానే యున్నవి. భేదమెల్ల కంచములో నున్నది: ఉత్తరమున మనిషి దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినగా, దక్షిణమున 25 గ్రాములు మాత్రమే తినెను. విత్తనము మన యింటను ఉన్నది, వాన మాత్రము తక్కువ. ఆ వానయు ఇప్పుడు తక్కువ కాదు. 1956లో అమెరికాతో కుదిరిన పి.ఎల్. 480 ఒడంబడిక పిమ్మట ఓడలలో వచ్చిన గోధుమలు అన్నము తినువారి యిండ్లకును చేరినవి. తరువాత మధుమేహ భయము వచ్చినది. రాత్రి అన్నము మాని రెండు చపాతీలు తినుమని చెప్పని పొరుగువాడు చెన్నపురిలో లేడు. మేమును పదునైదేండ్లు అట్లే తింటిమి.

దక్షిణాదిని ఈ వ్యాధి పేరు వైద్యులకు వెంటనే తోచకుండుటకు మరియొక కారణము కలదు. ఇదే రూపున నుండు మరియొక జబ్బు మన ప్రాంతమున చిరకాలముగా నున్నది. దానిని ట్రాపికల్ స్ప్రూ అందురు. 1960 ప్రాంతమున ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెలలో అది మారివలె వ్యాపించినప్పుడు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు పల్లెలకు పోయి పరిశోధించిరి. దానియందును ప్రేవు నూగు చెడును, మనిషి చిక్కిపోవును. అయితే అది ఫోలిక్ ఆమ్లమునకును, సూక్ష్మజీవులను చంపు మందులకును లొంగును, గోధుమ మానుటతో దానికి పనిలేదు. సీలియాక్‌కు మందు లేదు, మానుటయే మందు. ఈ సంగతిని నిలువబెట్టినవాడు డిక్ అను డచ్చి శిశువైద్యుడు. యుద్ధమునకు మునుపే అతనికి గోధుమమీద అనుమానము కలదు. 1944-45 చలికాలమున హాలెండులో కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు, తక్కిన పిల్లలు కృశించుచుండగా ఈ రోగము గల పిల్లలు కోలుకొనిరి. రొట్టె మరల వచ్చినంతనే మరల పడకయెక్కిరి. 1950లో అతడు తన సిద్ధాంత గ్రంథమున ఈ విషయమును స్థాపించెను. దేశమెల్ల ఆకలితో అలమటించిన వేళ ఒక పిడికెడు పిల్లలకు మాత్రము ఆకలియే ఔషధమగుట తలచుకొన్నప్పుడెల్ల మనస్సు ఏదోవలె నగును.

పథ్యము మన తెలుగువారికి కొత్త కాదు. జ్వరము వచ్చిన లంఖణము, తగ్గిన పిమ్మట పాత బియ్యపు జావ, ఆపై బీరకాయ కూర, ఒకనాడు మంచి దినము చూచి పథ్యము విడుచుట. మనకు పథ్యమన్నచో దానికొక తుది కలదు, విడుచు దినమున ఇంట చిన్న పండుగయు కలదు. ఈ పథ్యమునకు విడుపు లేదు. అది మొదటి కష్టము. రెండవ కష్టము దానికంటె పెద్దది. గోధుమ మానిన మూడు వారములలో మా ఆయాసము తగ్గుట మొదలిడినది, నెల తిరుగునప్పటికి బరువు హెచ్చినది. అందరును సంతసించిరి. కాని కడుపు మాత్రము పూర్తిగా మా మాట వినలేదు. ఆరు నెలలు గడచినను ఉబ్బరము పోలేదు, వారమునకు రెండు మూడు దినములు విరేచనములు తప్పలేదు. ఇంగువ పోయినను గుడ్డకు వాసన పోనట్లు, రోగము పేరు తెలిసి, కారణము తొలగినను, బాధ మిగిలినది.

ఈ మిగిలిన బాధను లోకము నమ్మదు. వ్యాధి పేరు తెలియనప్పుడు జాలిపడినవారే, పేరు తెలిసి పథ్యము మొదలైన పిమ్మట అనుమానపడుదురు. మా పెద్దమ్మగారికి ఎనుబది దాటినది. ఆమె మాయందు ప్రాణము పెట్టుకొన్న మనిషి. ఒకనాడు మంచముప్రక్క కూర్చుండి, "పథ్యం చేస్తే తగ్గాలి గదా నాయనా! తగ్గలేదంటే ఎక్కడో నోరు కట్టుకోలేదన్న మాట" అనెను. ఆ మాటకు మా కండ్లలో నీరు తిరిగినది. నోరు కట్టుకొనుటలో మేము లోపము చేయలేదు. పెండ్లి విందులలో ఆకుముందు కూర్చుండి మజ్జిగ త్రాగి లేచితిమి. బొబ్బట్లు చేసిననాడు పెరటిలోనికి పోయి కూర్చుంటిమి. ఆ పెద్దమ్మయే మరుసటి దినము మా నీరసము చూడలేక బార్లీ గంజి కాచి తెచ్చెను. రోగికి బార్లీ నీరు, లేనిచో మాల్టు పొడి కలిపిన పాలు: చెన్నపురిలో ఏ యింటనైనను పలుకరింపునకు వచ్చువారి చేతిలో ఈ రెండింటిలో నొకటి యుండును. రెండింటిలోను మాకు విషమున్నది. మా యింటావిడ ఆ గిన్నెను నొచ్చుకొనకుండ అందుకొని, పెద్దమ్మగారు వెడలిన పిమ్మట పనిమనిషికి ఇచ్చినది.

వైద్యుని యొద్దకు మరల పోయితిమి. ఆయన విసుగుకొనలేదు, అది మా అదృష్టము. ఇట్లు మిగిలిన బాధలకు తరచుగా నుండు మొదటి కారణము, తెలియకుండ కడుపులోనికి పోవు గ్లూటెనే అని చెప్పి, రక్తపరీక్ష మరల చేయించెను. అంకె తగ్గినది గాని దిగవలసినంత దిగలేదు. ఎక్కడనుండియో వచ్చుచున్నది. ఇటలీవారు 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోనికి పోయినను ప్రేవునకు హాని కలుగును. అది ఒక రొట్టె ముక్కలో చిన్న తునక.

దొంగను పట్టినది మా యింటావిడయే. ఒక సాయంకాలము వంటయింటినుండి పిలిచి, "ఏమండీ, ఇటు రండి. ఈ ఇంగువ డబ్బా మీద ఏం రాసుందో చదవండి. నా కళ్ళజోడు తప్పు చెబుతోందేమో!" అనినది. కళ్ళజోడు తప్పు చెప్పలేదు. అచ్చమైన ఇంగువ ఘాటు భరింపరానిది గనుక, బంకయు, పిండియు కలిపి అమ్ముదురు. ఆ పిండి పెక్కు డబ్బాలలో గోధుమ పిండి లేక మైదా. చారులో ఇంగువ, పులిహోరలో ఇంగువ, పచ్చడి పోపులో ఇంగువ, మజ్జిగలో ఇంగువ. ప్రతి చిటికెలో నున్నది స్వల్పమే గాని, తెలుగు వంటలో చిటికెలకు లెక్క యెక్కడిది? అయితే న్యాయముగా చెప్పవలెనన్న, ఇంగువకంటె పెద్ద దొంగ వేరొకటి. చపాతీ మానిన పిమ్మట రాత్రిళ్ళు జొన్నరొట్టె తినుచుంటిమి. జొన్నలు మనవే, శుభ్రమైనవే. వానిని విసరినది వీధి చివరి పిండి మిల్లు. మాకు ముందు వచ్చినవారి గోధుమలు విసరిన రాళ్ళలోనే మా జొన్నలును పడినవి. మిల్లువాని దోషమేమియు లేదు, అతడు ఎవరి పిండిని వారికి నమ్మకముగా ఇచ్చువాడు. నాటినుండి జొన్నలు, రాగులు కడిగి ఆరబెట్టి యింటనే మరపట్టుచున్నాము. ఇంగువ మాత్రము పిండి కలియనిది, లేక బియ్యపు పిండి కలిపినది వెదకి తెచ్చుచున్నాము. గ్లూటెన్ లేనిదని అచ్చువేయుటకు మన దేశపు ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. ఆ ముద్ర యున్నదో లేదో చూడక ఇప్పుడు మా యింట ఏ పొట్లమును విప్పరు.

నాలుగు నెలలలో రక్తపు అంకె సరియైన చోటికి దిగినది. విరేచనములు తగ్గినవి. ఉబ్బరము సగము పోయినది, సగము నిలిచినది. ఈ సగమునకు కారణము పాలు. ప్రేవు నూగు చివరలోనే పాలలోని చక్కెరను జీర్ణించు ద్రవ్యము పుట్టును. నూగు అరిగినప్పుడు అదియు పోవును, నూగు మరల మొలిచినప్పుడు పెక్కుమందికి మరల వచ్చును. కనుక కొంతకాలము పాలు మానుమనిరి. పెరుగునకు అంత నిషేధము లేదు, తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను కొంత తినివేయును గనుక. పెరుగన్నము దక్కినందుకు దేవునికి దండము పెట్టితిమి. కాఫీ మాత్రము పోయినది. చెన్నపురి మనిషికి ఉదయము చిక్కని పాలతో వడపోత కాఫీ లేకుండుట యెట్టిదో యీ సంచిక చదువువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఏడు నెలలు ఎదురింటి కాఫీ వాసనతోనే తెల్లవారినది. పిమ్మట పావు గ్లాసుతో మొదలిడి ఇప్పుడు ఒక పూట త్రాగుచున్నాము.

ఇంతటితో అన్నియు తీరలేదు. ప్రేవులో సూక్ష్మజీవులు మితిమీరి పెరిగెనేమో యని ఊపిరి పరీక్ష చేసిరి, లేదనిరి. పెద్ద ప్రేవునుండి కండ తీసి చూచిరి, అక్కడ వాపు లేదనిరి. పథ్యము సక్రమముగా నున్నను మానని మొండి రూపము ఒకటి కలదనియు, అది మిక్కిలి అరుదనియు, మా రక్తమును బరువును చూడగా అది కాదనియు చెప్పిరి. ఆ మాట వినునంతవరకు మూడు వారములు మేము నిద్రపోలేదని ఇప్పుడు వ్రాయవచ్చును. పెద్దవయసున ప్రేవు నూగు పూర్తిగా మొలుచుటకు రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టునట. నూగు మొలిచిన పిమ్మటను కొందరి ప్రేవు ఉలికిపాటు మానదట. మాకు నేటికిని నెలలో రెండు మూడు దినములు కడుపు నొప్పితో గడచును. ఆ దినములలో గంజి త్రాగి పడుకొందుము, కారణము వెదకి ఎవరిని నిందింపము. వైద్యునికి మాత్రము చెప్పుదుము. మిగిలిన బాధను చెప్పుకొనుట పథ్యమును దూషించుట కాదని మా పెద్దమ్మగారికి నచ్చజెప్పుటకు ఏడాది పట్టినది. ఇప్పుడు ఆమెయే పలుకరింపునకు వచ్చినవారితో, "వాడికి బార్లీ పనికిరాదమ్మా, కొబ్బరినీళ్ళు తెండి" అనుచున్నది.

పండుగలు మాత్రము మేము అనుకొన్నంత బీదవి కాలేదు. అరిసెలు బియ్యము, బెల్లము. పూర్ణాలకు పైపూత మినుములు, బియ్యము. చక్కెర పొంగలి, గారెలు, పెసరట్టు, ఇడ్లీ, ఇవన్నియు మావే. పోయినవి రవ్వ కేసరి, సేమియా పాయసము, కజ్జికాయలు, బొబ్బట్లు. కోవెలలో పులిహోర ప్రసాదము చేతిలో పెట్టినప్పుడు కండ్లకద్దుకొని ప్రక్కవారికి ఇచ్చుదుము. అందులోని ఇంగువ ఎట్టిదో అర్చకుని అడుగుట మర్యాద కాదు.

ఇక మిగిలినది ఒక సంగతి. ఈ వ్యాధి రక్తసంబంధము వెంట నడచును. రోగికి తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు అయినవారిలో పదిమందిలో ఒకరికి ఉండవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. మా తమ్ముడు పరీక్ష చేయించుకొనెను, లేదనిరి. మా కుమార్తెకు పెండ్లియై నాలుగేండ్లయినది. తరచుగా రక్తము తక్కువై డీలాపడుచున్నది. మా వంట చూచి తానును గోధుమ మానెదనని పట్టుబట్టినది. పరీక్షకు ముందు మానరాదు, మానినచో రక్తములో ఆనవాలు చెరిగిపోవునని వైద్యుడు వారించెను. కనుక ఆమె మా యెదుట కూర్చుండి ప్రతి రాత్రియు రెండు చపాతీలు తినుచున్నది, మేము జొన్నరొట్టె తినుచున్నాము. వచ్చు సోమవారము రక్తము ఇచ్చును.