తగ్గించాను డాక్టర్ గారూ!

"తగ్గించాను డాక్టర్ గారూ." వేప్, అంటే ఈ-సిగరెట్, పీల్చే కుర్రాళ్ళు నా ముందు కూర్చోగానే అనే మొదటి మాట ఇది. ఎంత తగ్గించావు నాయనా అంటే జవాబు రాదు. పక్కనున్న అమ్మ వైపు ఓసారి చూసి, "బాగానే తగ్గించాను సార్" అంటారు. ఊపిరితిత్తుల డాక్టర్ని కాబట్టి ఈ మాట వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, నిజంగానే తగ్గించామనుకుంటున్నారు. లెక్కే లేనిదాన్ని ఎవరైనా ఎలా తగ్గిస్తారు?

సిగరెట్‌కు లెక్కుంది. వెలిగిస్తే కాసేపటికి అయిపోతుంది, పీక పారేసి పనిలోకి రావాలి. సాయంత్రానికి ఖాళీ పెట్టె చూస్తే ఎన్ని కాల్చారో తెలిసిపోతుంది. వేప్‌కు ఆ ఆగే చోటు లేదు. రెండు దమ్ములు లాగి జేబులో వేసుకుంటారు, పది నిమిషాలకు మళ్ళీ తీస్తారు. వాసన మామిడిపండుదో పుదీనాదో కాబట్టి ఇంట్లోవాళ్ళు పసిగట్టరు. బాత్‌రూమ్‌లో, దుప్పటి కింద, కెమెరా ఆపేసిన మీటింగుల్లో అది నడుస్తూనే ఉంటుంది.

గచ్చిబౌలిలో పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు పొడి దగ్గు తగ్గడం లేదని వచ్చాడు. సిగరెట్ మానేద్దామని వేప్ పట్టాడు. ఇప్పుడు ఆఫీసు కింద టీ బంకు దగ్గర సిగరెట్టు, పైన సీట్లో వేప్. "ఇది పొగ కాదు కదా సార్, ఆవిరే" అన్నాడు. ఆవిరి కాదు బాబూ. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి కోసం కలిపే రసాయనాలు, నికోటిన్ కలిసిన ద్రవాన్ని ఒక లోహపు తీగ వేడిచేస్తే పుట్టే సన్నటి తుంపర అది. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి తయారవుతాయి. తీగలోంచి నికెల్, క్రోమియం కూడా రావచ్చు. సిగరెట్ పొగలోని తారు ఇందులో ఉండదన్నది నిజమే. సిగరెట్‌ను పూర్తిగా వదిలేసి దీనికి మారినవాడి ఒంట్లోకి వెళ్ళే విషం తగ్గుతుందనీ ఒప్పుకుంటాను. కానీ ఈ అబ్బాయి మారలేదు, రెండూ పట్టుకున్నాడు. రెండూ పట్టుకున్నవాడికి ఆ లాభం దక్కదు.

నికోటిన్ సంగతి చెప్పాలి. ఈ కొత్త పరికరాల్లో వాడేది నికోటిన్ సాల్ట్. అది గొంతులో గీరదు, మంట పెట్టదు. అందుకే ఎంత లోపలికి పోయిందో పీల్చేవాడికే తెలియదు. ఐరోపా దేశాల్లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. ఈ కుర్రాడు టేబుల్ మీద పెట్టిన, హైలైటర్ పెన్నంత గులాబీ రంగు గొట్టం మీద 50 అని ఉంది. "పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటి దమ్ము?" అని అడిగాను. "లేవకముందే సార్, దిండు కిందే ఉంటుంది. మూడింటికోసారి మెలకువొస్తే అప్పుడూ లాగుతాను" అన్నాడు. రక్తంలో నికోటిన్ రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. అర్ధరాత్రి అతణ్ణి నిద్రలేపింది అలవాటైన మోతాదు అందని మెదడు. దాన్ని అతను ఆఫీసు టెన్షన్ అనుకుంటున్నాడు.

మందు చీటీ మీద నేను రాసేది క్లుప్తంగానే ఉంటుంది. మూడు రోజులు ఏమీ మానొద్దు, వేప్ తీసిన ప్రతిసారీ ఒక కాగితం మీద గీత గీయండి. నాలుగో రోజు నుంచి పడకగదిలోకి అది రాకూడదు, ఛార్జర్‌తో సహా హాల్లోనే ఉండాలి. మొదటి దమ్ము లేచిన అరగంటకు, కొన్ని రోజులయ్యాక గంటకు, ఆ తర్వాత టిఫిన్ అయ్యాకే. బండి మీద, కారులో, సీట్లో వద్దు. కావాలంటే లేచి, మెట్లు దిగి, కిందికెళ్ళి పీల్చండి. యావ పుట్టినప్పుడు కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే దాని జోరు తగ్గుతుంది, ఆ కాసేపు నీళ్ళు తాగండి, నడవండి. పూర్తిగా ఆపే తేదీ ఇవాళే రాసుకోండి. అవసరమైతే నికోటిన్ గమ్ ఇస్తాను, కానీ దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమలొద్దు. నాలుగుసార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకుని ఆగాలి. నమిలే ముందు కాఫీ, టీ తాగితే నికోటిన్ సరిగా ఎక్కదు.

లండన్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చిన ఒక అమ్మాయి ద్రవం బలాన్ని 20 నుంచి 10కి, ఆపైన ఇంకా కిందికి దించుకుంటూ మానేసింది. అక్కడ అది మంచి దారే. లేబుల్ మీద రాసిన అంకెకు అక్కడ చట్టం కాపలా ఉంది. బలం తగ్గించినప్పుడు తెలియకుండానే ఎక్కువసేపు, లోతుగా పీలుస్తారు. ఆమె దాన్ని గమనించుకుంది, నెగ్గింది. హైదరాబాద్‌లో ఆ దారి పట్టలేం. మన దేశంలో 2019లోనే ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధించారు. అయినా పాన్ డబ్బాల చాటునా, ఫోన్లలోనూ దొరుకుతూనే ఉన్నాయి. దొంగచాటు సరుకు మీద "నికోటిన్ లేదు" అని రాసి ఉంటే దానికి పూచీ ఎవరు? అదే ఏడాది అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని, మరుసటి ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పీల్చింది ఊరూపేరూ లేని చోట కొన్న గంజాయి నూనె గొట్టాలు. వాటిలో కలిపిన విటమిన్ ఇ అసిటేటే ప్రధాన కారణంగా తేలింది. లోపల ఏముందో పీల్చినవాళ్ళకు తెలియదు, తెలిసే వీలూ లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది విజయవాడ నుంచి వచ్చే ఒక వ్యాపారి. ఆయన ఏటా అయ్యప్ప మాల వేస్తారు. 41 రోజులూ సిగరెట్ లేదు, వేప్ లేదు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీసిన రాత్రే స్నేహితుల మధ్య మళ్ళీ మొదలు. "నాకిది వ్యసనం కాదు డాక్టర్ గారూ, అనుకుంటే మానగలను, ఏటా మానుతూనే ఉన్నాగా" అంటారు. ఆ మాట వింటే కోపమొస్తుంది, వెంటనే జాలేస్తుంది. నికోటిన్ ఆపాక చిరాకు, తలనొప్పి, నిద్రలేమి మొదటి రెండు మూడు రోజులు ముదురుతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. అంటే మాల తీసేనాటికి అసలు కష్టమంతా ఆయన దాటేశారు. ఒళ్ళు అడగడం మానేసిన దాన్ని మళ్ళీ చేతికందించింది ఆ రాత్రి స్నేహితులతో కూర్చోవడం. "స్వామీ, ఆ 41 రోజులు మిమ్మల్ని ఏం కాపాడింది?" అని కూర్చోబెట్టి అడిగాను. ఆలోచించి చెప్పారు. తెల్లవారుజామున లేచి చన్నీళ్ళ స్నానం చేసేవారు. సాయంత్రం కూర్చునే చోటు మారింది. ఊళ్ళో ఒక్కరూ ఆయన ముందు పెట్టె చాచలేదు. ఈ మూడూ మాలతోపాటు తీసేయకండి, నల్లబట్టలు విప్పినా ఇవి ఉంచుకోండి, నేను మానేశానని పదిమందికీ చెప్పండి అన్నాను. ఈసారి ఉంచుకుంటారనే నా ఆశ.

ఇక పిల్లలు. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కొడుకును ఒక తల్లి తీసుకొచ్చారు. సంచిలో దొరికిన గొట్టాన్ని మార్కర్ పెన్ అనుకుని పెన్నుల డబ్బాలో పెట్టారట. తెలిశాక తండ్రి బెల్టు తీశారు. అబ్బాయి ఆరోజే మానేశాడు. మూడోరోజుకి పుస్తకం ముందు కూర్చోలేడు, అన్నం మీద అరుస్తాడు, ఊరికే ఏడుస్తాడు. ఇంకేదో పెద్ద మత్తుకే అలవాటు పడ్డాడని ఇల్లంతా హడలిపోయింది. అయ్యా, అది నికోటిన్ విడిచేటప్పటి బాధ. మీవాడు మాట నిలబెట్టుకుంటున్నాడనడానికి గుర్తు. ఆ పూట వాడికి కావలసింది పక్కన కూర్చునే మనిషి. ఎదిగే మెదడును ఈ అలవాటు త్వరగా పట్టేస్తుంది. అందుకే పదిహేడేళ్ళవాడు పెద్దవాళ్ళకన్నా ఎక్కువ కష్టపడుతున్నాడు. వాడికి గమ్ కావాలా, మందు కావాలా అన్నది డాక్టరు చూసి చెప్పాలి, మందుల షాపులో అడిగి కొనొద్దు.

తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. నిషేధం ఉంది కదా, డాక్టరుకు చెబితే కేసవుతుందేమోనని దాచకండి. చికిత్సకు వచ్చినవాణ్ణి పోలీసులకు అప్పగించడం మా పని కాదు. ఆస్పత్రికి రావడానికి మొహమాటమైతే కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. ఆ ఫోన్‌కు డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు.