ఇబ్రహీంపట్నంలో పెరటి కోర్టు

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ రోడ్డున సుమారు 30 కిలోమీటర్లు వస్తే ఇబ్రహీంపట్నం. కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు, పొలాలు, వాటి మధ్య ఏటేటా పెరిగే హద్దురాళ్లు. పిల్లలాడుకొనే బీళ్లు ఒక్కొక్కటే ప్లాట్లయిపోతుంటే, మేము ఇంటి వెనుక జాగాలో వాలీబాల్ కోర్టు వేసుకొన్నాము.

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే సుమారు 430 చదరపు గజాలు కావాలి. అమ్మితే రెండు ఇళ్ల స్థలం! అంత లేనివారు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పుతో షటిల్ కోర్టు వేసుకోవచ్చును.

పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే సాయంకాలపు ఎండ కళ్లలో పడదు. రాళ్లేరి, మొరం పరచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. నడుమ కాస్త ఎత్తుంటే వాననీరు నిలువదు. గీతలకు సున్నం చాలును. వల ఎత్తు మగవారికి 2.43 మీటర్లు, ఆడవారికి 2.24. గుంజలకు రెండు ఎత్తులలో కొక్కేలు పెడితే ఆడపిల్లలకూ ఆట దొరుకుతుంది.

వేయుటకంటె కాపాడుటే కష్టం. తడి ఆరకముందు ఆడితే గుంటలు పడతాయి. వాటిని వెంటనే పూడ్చాలి. వేసవిలో దుమ్ము లేస్తుంది. బోరు నీరు తాగడానికే చాలని రోజుల్లో గిన్నెలు కడిగిన నీళ్లు దాచి చల్లుతాము. ఆట అయ్యాక వల విప్పి లోపల పెడతాము.

ఈ ఆటను 1895లో అమెరికాలోని హోల్యోక్ వై.ఎం.సి.ఏ.లో విలియం మోర్గన్ నడివయసువారి కోసం రూపొందించాడు. కనుక తండ్రులూ దిగవచ్చు. ప్రియ తలిదండ్రులారా, పెరడు అమ్మేముందు పిల్లలనూ ఒక మాట అడగండి.