నాన్న పేరు తప్పట!

మా ల్యాబ్‌లో ఇచ్చిన లెక్క చిన్నదే. దరఖాస్తులో 'పేరు' అన్న గడిలో ఎవరేం కొట్టినా, అందులో అక్షరాలు తప్ప అంకెలూ గుర్తులూ లేవని పైథాన్ చేత పరీక్ష చేయించాలి. తోటివాళ్లు ఒక్కో అక్షరాన్నీ పట్టి చూసే లూప్‌తో పదేసి వరుసలు రాశారు. నేను 'ఈజ్ ఆల్ఫా' అని ఒక్క ముక్క రాసి చేతులు కట్టుక్కూర్చున్నాను. మాస్టారు మెచ్చుకున్నారు. ఆ పూట మెస్సులో సాంబారు కూడా రుచిగానే ఉంది!

సంక్రాంతికి స్నేహితుడి ల్యాప్‌టాప్ అరువు తెచ్చుకుని ఇంటికి వెళ్లాను. నాన్నకు నా ఘనత చూపిద్దామని అమ్మ పేరు 'కమల' అని తెలుగులో కొట్టాను. 'ట్రూ' అంది. 'వీరయ్య' అని కొట్టాను. 'ఫాల్స్'!

"ఏమంటుందిరా?"

"నీ పేరు తప్పంటోంది నాన్నా."

"దీనిక్కూడానా!" అని ఆయన నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. పంట నష్టం డబ్బుల కోసం వెళితే, పాసుపుస్తకంలో ఒక స్పెల్లింగూ బ్యాంకు పుస్తకంలో మరో స్పెల్లింగూ ఉన్నాయని ఒక ఆఫీసులో ఆయన్ను మూడుసార్లు తిప్పారు. ఇప్పుడా కిటికీ వెనక కూర్చున్నది నేనే కదా అనిపించింది.

రాత్రి తీరిగ్గా చూస్తే సంగతి తేలింది. యూనికోడ్ లెక్కలో వ, ర, య అక్షరాలే. గుడిదీర్ఘమూ, యవత్తును కలిపే పొల్లూ మాత్రం అక్షరాలు కావట, గుర్తులట. గుర్తు కనపడితే 'ఈజ్ ఆల్ఫా' కాదనేస్తుంది. 'కమల'లో గుణింతమూ ఒత్తూ లేవు కాబట్టి అమ్మ గట్టెక్కింది. పలక మీద గుణింతాలు దిద్దినవాణ్ణి, ఇంగ్లీషు పేర్లతో మాత్రమే సరిచూసుకుని సంబరపడ్డాను.

యూనికోడ్‌లో తెలుగుకు 128 గదులున్నాయి. ఆ గదుల్లోవి తప్ప మరేవీ ఉండరాదని 'రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్' రాశాను. ముందు 'మ్యాచ్' వాడితే 'వీరయ్య123' కూడా దాటిపోయింది; అది మొదలు చూస్తుంది గాని చివర పట్టించుకోదు. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన 'ఫుల్‌మ్యాచ్' పెట్టాక అది ఆగింది. తీరా చూస్తే '౧౨' అన్నా పేరుగా చెల్లుతోంది! తెలుగు అంకెలూ ఆ గదుల్లోనే ఉన్నాయి మరి. వాటికి ముందే వరుస ఆపేశాను. ఇంతా చేస్తే మళ్లీ ఒక్క వరుసే.

తెల్లారి నాన్నను పిలిచాను. "ఇంటిపేరుతో సహా కొట్టు" అన్నాడు. మళ్లీ 'ఫాల్స్'! మధ్యలో ఖాళీ జాగా సంగతే మరిచాను. ఆయన ఏమీ అనలేదు, పక్కనే నిలబడ్డాడు. దాన్నీ చేర్చాను.

"ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది."

"అయితే ఆ ముక్కేదో ఆఫీసువాళ్లక్కూడా రాసివ్వు" అని, మోటారుకు కరెంటు వచ్చే వేళయిందని కండువా దులుపుకుని చేనికి వెళ్లిపోయాడు.