ఆ గడిలో ఎవరున్నారు?

నిన్న నాక్ ఫారం నింపుతున్నా. ఎస్సీ గడిలో అంకె వేశాం, సీట్లన్నీ నిండాయి. అందరూ సంతోషించారు. హాజరు పట్టీ తీసి చూశా. ఒక్క రెల్లి బిడ్డా లేదు. చోడవరం బజార్లో పళ్ళమ్మేది, కాలవలు తీసేది మాత్రం వాళ్ళే.

2025లో రాష్ట్రం ఎస్సీల 15 శాతాన్ని పంచింది. మాల వర్గానికి 7.5, మాదిగ వర్గానికి 6.5, రెల్లితో కలిపి 12 కులాలకి 1. మా కోర్సులో 60 సీట్లు. ఎస్సీలవి 9. 1 శాతమంటే 0.6. పూర్తి సీటు కూడా కాదు!

నేను మాలోణ్ణి. వర్గీకరణ వద్దన్న సభల్లో చప్పట్లు కొట్టినోణ్ణే. మనం లేని తరగతి గది గురించి ఇన్నాళ్ళూ అడిగాం. వాళ్ళు లేని గది గురించి మనమే అడగాలి కదా అన్నలారా, అక్కలారా?

ఈసారి అడ్మిషన్లప్పుడు అప్లికేషన్లు పట్టుకుని రెల్లి వీధికెళ్తా. వచ్చేవాళ్ళు రండి.

జై భీమ్.