నీళ్ళు తగ్గేటప్పుడు వచ్చే వసంతం

చెరువు ఎలా ఉంది అని మీలో చాలామంది ఫోనులో అడుగుతున్నారు. అందుకని ఈ వారం ధ్యానము చెరువు గురించే.

చెరువుకు వసంతం వచ్చింది. వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, నీళ్ళు కట్ట రాళ్ళను విడిచి లోపలికి జరిగాయి. సంక్రాంతికి నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో, శివరాత్రికి ఎక్కడికి దిగాయో రాళ్ళమీద తెల్లటి గీతలు వరుసగా కనబడుతున్నాయి. చలికాలమంతా నీటి నడిమిలో గుంపులుగా తేలిన బాతులు వెళ్ళిపోయాయి. వాటికి బదులు కొంగలు దిగాయి, ఎందుకంటే లోతు తగ్గినచోట చేప సులువుగా చిక్కుతుంది. బయటపడిన శిఖం భూమిలో గరిక లేచింది, బర్రెలు అక్కడే ఉంటున్నాయి. దానికవతల పిల్లలు క్రికెట్ పిచ్ చదును చేసుకున్నారు. ఫాల్గుణములో ఒక్క ఆకు లేకుండా ఎర్రగా నిలబడిన మోదుగలు ఇప్పుడు పూలు రాల్చేశాయి. కట్టమీది రావిచెట్టు రాగి రంగు చిగురు వేసి, చూస్తుండగానే పచ్చబడింది. ఉగాది పచ్చడికి పువ్వు కోసుకున్న వేపచెట్టు కింద ఇంకా తెల్లగా రాలుతూనే ఉంది. చింతచిగురు మొదలైంది. చింతచిగురు వేసి వండిన చెరువు చేపల పులుసు గురించి రాస్తే దుబాయిలో ఉన్నవారికి కష్టం కలుగుతుందని ఇక్కడితో ఆపుతున్నాము.

ఇక్కడ మేము మీతో ఒక విషయం ఆలోచించాలని ఉంది. పరమగీతము రెండవ అధ్యాయము చదివి వసంతము గురించి ప్రసంగాలు చేస్తుంటాము గదా. ఆ అధ్యాయములో చలికాలము, వానకాలము రెండూ ఒకేసారి గడిచిపోతాయి, అప్పుడు పువ్వులు కనబడతాయి. ఆ దేశంలో వాన పడేదే చలికాలంలో. అక్టోబరు, నవంబరులో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా ఉంటుంది. హెర్మోను కొండమీద మంచు ఎండకు కరిగి యొర్దానులోకి దిగుతుంది. అందుచేత వసంతము వచ్చేసరికి గలిలయ సముద్రము నిండుగా ఉంటుంది. ఐదువేల మందికి ప్రభువు ఆహారము పెట్టినప్పుడు అక్కడ పచ్చిక విస్తారంగా ఉన్నదని యోహాను రాశాడు, ఆ పచ్చిక పచ్చగా ఉన్నదని మార్కు రాశాడు. పస్కా పండుగ దగ్గరలో ఉన్నదని కూడా యోహానే చెప్పాడు. వసంతము గనుక పచ్చిక ఉంది. యెహోషువ జనులను యొర్దాను దాటించినది కూడా మొదటి నెలలోనే. అది కోతకాలము, నది గట్లమీద పొర్లుతున్న కాలము.

మనకు అలా కాదు. మన వాన జూన్‌లో వచ్చి అక్టోబరుకు వెళ్ళిపోతుంది. వసంతము వచ్చేనాటికి వాన పోయి ఐదు నెలలు అవుతుంది. మన చెరువు అలుగు పారేది బతుకమ్మ రోజుల్లోనే గాని పస్కా రోజుల్లో కాదు. వారి వసంతము నిండిన నీటి పక్కన వస్తే, మన వసంతము తగ్గుతున్న నీటి పక్కన వస్తుంది. ఒకే పున్నమి, రెండు చెరువులు. (పున్నమి ఒకటే అన్నది ఊరికే అన్న మాట కాదు. పస్కా నీసాను నెల పున్నమికి వస్తుంది. ఈ సంవత్సరం మన చైత్ర పున్నమి ఏప్రిల్ 2, ప్రభువు శిష్యులతో చివరి బల్ల ఆచరించిన దానిని మనము జ్ఞాపకం చేసుకునే గురువారమే.)

ఈ తేడా మన సంఘాలలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1890 ప్రాంతంలో నల్లగొండకు సువార్త తెచ్చిన మెనోనైట్ మిషనరీ అబ్రహాము ఫ్రీజెన్ గారు రష్యా సామ్రాజ్యములోని మంచు ప్రాంతము నుండి వచ్చినవారు. ఆయనకు వసంతమంటే గడ్డకట్టిన నేల కరగడము. లెంటు అని మనము అంటున్న మాటకు కూడా పాత ఇంగ్లీషులో వసంతమనే అర్థము. ఆ తరువాత వచ్చిన ఈస్టరు కార్డులలో మంచు కింద నుండి లేచే పువ్వులే ఉంటాయి. వాటిని తప్పు పట్టము, ఎవరి దేశంలో దేవుడు చేసిన పని వారు చూపిస్తారు. కాని మన పిల్లలు సండే స్కూలులో ఆ పువ్వులకే రంగులు వేస్తూ, కిటికీలో నుండి కనబడే మోదుగను వసంతమని అనుకోకపోతే అది మనకు నష్టము.

ఎందుకంటే మన చెట్లు చేసే పని ఇంకా ఆశ్చర్యమైనది. ఎండ ముదిరే వేళ వేప, రావి, మోదుగ ఆకులు రాల్చేస్తాయి. ఆకు ఉంటే నీరు ఆవిరై పోతుంది గనుక దానిని వదిలేసుకుంటాయి. ఆ తరువాత ఒక్క చినుకు పడకుండానే కొత్త ఆకు వేస్తాయి. ఆ నీరు ఎక్కడిది? మానులో దాచుకున్నది, వేరు లోతుకు పోయి తెచ్చుకున్నది. వానకు ఇంకా రెండు నెలలు ఉండగానే చిగురు వేసి నిలబడతాయి. వాన వచ్చేసరికి వాటి ఆకు సిద్ధంగా ఉంటుంది. వాన చూసి చిగురించే గడ్డి వేరు, వాన రాకముందే చిగురించే చెట్టు వేరు.

2024 వసంతాన్ని మీరు మరచిపోలేదు గదా. ముందటి వానాకాలములో కృష్ణకు వరద రాలేదు. యాసంగికి సాగర్ ఎడమ కాల్వ నీళ్ళు రాలేదు. 1967లో కాల్వలకు నీళ్ళు వదిలిన తరువాత పుట్టిన మన తరానికి కాల్వ అంటే పారేదే. అది ఎండి, పిల్లలు అందులో నడిచి పోతుంటే పెద్దలు నిలబడి చూశారు. గరిడేపల్లి నుండి హుజూర్‌నగర్ వెళ్ళే బస్సులో కూర్చుంటే రెండు వైపులా ఆ కాలములో పచ్చగా ఉండవలసిన మళ్ళు బీడుగా ఉన్నాయి. పై పొలాల నుండి జారివచ్చే కాల్వ ఊట లేక మన చెరువు కూడా పగుళ్ళు విచ్చింది. ఆ ఏడు ఈస్టరు మార్చి 31న వచ్చింది. బాప్తిస్మము చెరువులో ఇవ్వలేక ఒక సంఘస్థుని బోరు దగ్గరి తొట్టిలో ఇచ్చాము. ఆ ఉదయము తిరిగి వస్తుంటే కట్టమీది వేప నిండా పూసి ఉంది. పక్కన చెరువులో చుక్క లేదు. మా ఇంట్లో అమ్మగారు అక్కడ చాలాసేపు నిలబడిపోయారు, మేమూ నిలబడ్డాము, ఏమీ మాట్లాడుకోలేదు.

అదే సంవత్సరము ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వానకు కోదాడ, హుజూర్‌నగర్ వైపు ఊళ్ళు మునిగాయి. నడిగూడెం మండలంలో అదే ఎడమ కాల్వకు గండి పడి పొలాలు కొట్టుకుపోయాయి. వసంతంలో లేదని ఏడ్చిన నీరు భాద్రపదము రాకముందే ఎక్కువై ఏడిపించింది. దీనికి సులువైన వివరణ చెప్పమని కొందరు అడిగారు. మేము చెప్పలేదు. చెప్పేవారిని నమ్మవద్దు కూడా.

యోబు గ్రంథము పద్నాలుగవ అధ్యాయము ఈ వారము ఇంట్లో చదవండి. నరికిన చెట్టుకు నిరీక్షణ ఉంది, నీరు సోకితే మళ్ళీ చిగురిస్తుంది అన్న భావము అక్కడ ఉంది. దానిని మనము ఆదరణ వాక్యముగా కాగితాలమీద అచ్చు వేయించుకుంటాము. కాని యోబు ఆ మాట ఆదరణగా అనలేదు. చెట్టుకైతే ఉంది, మనిషికి ఎక్కడుంది అని దుఃఖముతో అన్నాడు. ఆ పక్క వచనాలలోనే ఎండిపోయే చెరువు, ఇంకిపోయే నది కూడా ఉన్నాయి. ఎండే చెరువును, చిగురించే చెట్టును పక్కపక్కన చూసి మనిషి ఏ వైపువాడు అని అడిగినవాడు ఆయన. చనిపోయిన మనిషి మళ్ళీ బ్రతుకుతాడా అని పద్నాలుగవ వచనములో నేరుగానే అడుగుతాడు. ఆ గ్రంథములో ఆ ప్రశ్నకు అక్కడ జవాబు రాదు. ఆయనకు జవాబు తోట సమాధి దగ్గర, ఒక వసంతపు ఆదివారము తెల్లవారుజామున వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈస్టరు ఉదయాన్న మేము చెరువు కట్టమీదనే ఆరాధన ఎందుకు పెడుతున్నామని కొత్తవారు అడుగుతుంటారు. యోబు అడిగిన చోట నిలబడి ఆ జవాబు వినాలని.

ఇక ఈ ఏడు సంగతి. దూరంగా ఉన్నవారికి సగం సగం కబుర్లు అందాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాము.

రెండు వారాల కిందట చెరువులో మిగిలిన నీటి విషయమై మాట వచ్చింది. ఆయకట్టు చివర ఉన్న మళ్ళలో వరి ఈని, గింజ పాలు పోసుకుంటూ ఉంది. ఆ మళ్ళకు కాల్వ అందదు, చెరువు తూమే దిక్కు. చేపల సొసైటీవారు తూము ఎత్తవద్దన్నారు. రెండు వైపులా మన సంఘస్థులే ఉన్నారు, ఆదివారము ఒకే చాపమీద కూర్చునేవారే.

"నీళ్ళు దిగితే వేడికి చేప చస్తది అయ్యగారూ. ఇంకో నెల ఆగితే కిలో పడతది. పిల్లల ఫీజులు దానిమీదనే" అన్నాడు ఒక పెద్దాయన.

"పాలు పోసుకునే వరి అయ్యగారూ. ఇప్పుడు ఒక్క తడి లేకుంటే తాలే మిగులుతది" అన్నాడు చివరి మడి కౌలు రైతు.

ఇద్దరి మాటా నిజమే. ఇటువంటి చోట ప్రేమ కలిగి ఉండండి అని చెప్పి లేచిపోవడం సులువు. అయితే ఈలోగా మూడవ మాట లేచింది. ఈస్టరుకు ఏడుగురు బాప్తిస్మము తీసుకుంటున్నారు, 2024లో లాగ తొట్టిలో ఇవ్వకూడదు, చెరువులో నీళ్ళు ఉంచమని సంఘము తరఫున అడగాలి అని మన పెద్దలలో కొందరు అన్నారు. వారి ఆశ మంచిదే. ఆ ఏడుగురిలో ఒక సహోదరి ఉంది, ఆమె తల్లి ఇదే చెరువులో బాప్తిస్మము పొందింది. ఆమె ఇంటివారి కౌలు మడి కూడా చివరనే ఉంది. ఆమె లేచి, "నా బాప్తిస్మం కోసం నీళ్ళాపితే ఆ నీళ్ళల్ల నేనెట్ల మునుగుతనయ్యా" అంది. ఆ తరువాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములో ఐతియొపీయుడైన నపుంసకుడు అరణ్యమార్గములో దొరికిన నీళ్ళలోనే దిగాడు, ముందుగా ఎవరూ ఆయన కోసము నీళ్ళు ఆపి ఉంచలేదు అని మాత్రము మేము అన్నాము.

పరిష్కారము మేము చేసినది కాదు. సొసైటీవారు, రైతులు చెట్టు కింద రెండు సాయంత్రాలు కూర్చుని చేసుకున్నారు. మొదట రెండు తెల్లవారుజాములు వల వేసి పెద్ద చేపను తీసేశారు. రైతులే ట్రాక్టరు పెట్టి, డీజిలు పోసి, చేపను కోదాడ మార్కెట్టుకు చేర్చారు. ఆ తరువాత నాలుగు రాత్రులు తూము ఎత్తారు. పగలైతే ఎండకు సగం నీరు దారిలోనే పోతుందని రాత్రి పెట్టుకున్నారు. పూర్వము ఊరికి నీరటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంతసేపో ఆయన చూసేవాడు, కల్లములో ఆయన వాటా ఆయనకు కొలిచేవారు. ఇప్పుడు నీరటి లేడు గనుక ఆ నాలుగు రాత్రులు ఒక రైతు, ఒక చేపలవాడు జతగా కావలి కూర్చున్నారు. నాలుగవ రాత్రి అందరికీ టీ కాచి పంపినది ఆ సహోదరే. చిన్న చేపను వదిలేశారు. అవి పెరుగుతాయా, ఎండకు పోతాయా అన్నది ఏప్రిల్ నెల చెప్పాలి. సొసైటీవారికి కొంత నష్టమే మిగిలింది. దానిని రైతులు వరి కోసినప్పుడు చూస్తామన్నారు. చూస్తారో లేదో మేము అడుగుతూనే ఉంటాము.

చెరువు మాత్రం పూర్తిగా ఎండలేదు. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు తూము ముందు మట్టి బాగా లోతుకు తవ్వి పొలాలకు తోలుకున్నారు. తూము మట్టానికి కిందనున్న నీరు ఎంత ఎత్తినా బయటికి పోదు, అక్కడే గుంటగా నిలుస్తుంది. వదిలిన చిన్న చేప, కొర్రమీను అంతా అందులోకి చేరాయి. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది గనుక బురదలో కూడా కొన్నాళ్ళు బ్రతుకుతుంది. నిన్న సాయంత్రము మన యువకులు ఆ గుంటలో వెదురుగడ దించి కొలిచారు. నడుము లోతు ఉంది.

కాబట్టి ఏప్రిల్ 5, ఆదివారము తెల్లవారుజామున 5 గంటలకు కట్టమీద ఆరాధన, వెలుగు రాగానే తూము గుంటలో ఏడుగురికి బాప్తిస్మము. దిగేవారికి వేరే బట్టలు, తువ్వాలు తెచ్చుకోండి. అడుగున బురద ఉంది గనుక చెప్పులు కట్టమీదనే విడవండి, పెద్దవారి చేయి పట్టుకోండి. కట్ట దిగి గుంటకు పోయే దారిలో ఎడమ పక్క ఒక అవ్వ దోసతీగలు, పుచ్చతీగలు పెట్టుకుంది, ఇప్పుడే పిందె పడుతున్నాయి. చీకట్లో వాటిని తొక్కకుండా ఆ పక్కన లాంతరు పెట్టిస్తున్నాము.