టెస్ట్ పాసైన ప్లేటు ఎవరికీ అందదు

ఈ సెమిస్టర్‌లో మాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ సబ్జెక్ట్ ఉంది. అందులో నాకు నచ్చేది ఒకటే, టెస్ట్‌ని ఎన్నిసార్లైనా రన్ చేసుకోవచ్చు. ఫెయిలైతే సరిచేసి మళ్ళీ రన్. పాసైన కోడే అక్షరం తేడా లేకుండా యూజర్‌కి వెళ్తుంది. ఇది ఎంత పెద్ద సుఖమో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో పెట్టే సిరామిక్ ప్లేట్ల గురించి చదివితే గానీ తెలియదు.

నేను చదవడానికి కారణం మా పెదనాన్న కొడుకు. ఊరు శ్రీకాకుళం దగ్గర, ఉద్యోగం ఆర్మీలో. సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు అడిగాను: "అన్నయ్యా, నువ్వు వేసుకునే ప్లేటుని తుపాకీతో కాల్చి చూశారా?"

"కాల్చి చూసిందైతే నాకెందుకిస్తార్రా? అది ముక్కలైపోద్ది కదా" అని నవ్వి, అరిసెల డబ్బా తన వైపు లాక్కున్నాడు. ఆయన అరిసెల్లో పడ్డాడు, నా బుర్ర ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

సిరామిక్ అనగానే మనకి టీకప్పు గుర్తొస్తుంది. చుట్టం దూరమే కానీ గుణం ఒకటే: గట్టిది, పెళుసుది. రైఫిల్ తూటాని మెత్తటి కెవ్లార్ పొరలు మాత్రమే ఆపలేవు. ముందు దాని ముక్కు పగలగొట్టే గట్టి వస్తువు ఒకటి కావాలి. అల్యూమినా, సిలికాన్ కార్బైడ్, బోరాన్ కార్బైడ్ ఆ పనికొస్తాయి. బోరాన్ కార్బైడ్ ఘన సెంటీమీటరు 2.52 గ్రాములు తూగితే, ఉక్కు 7.8 తూగుతుంది. రోజంతా మోసేవాడికి ఈ తేడా మామూలు తేడా కాదు. తూటా తగిలిన చోట సిరామిక్ తను పగులుతూ తూటానీ పగలగొడుతుంది. ఆ ముక్కల్ని వెనకున్న పాలిథిలీన్ లేదా అరామిడ్ పొర పట్టుకుంటుంది. పగలడమే దాని డ్యూటీ అన్నమాట. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని తయారుచేసే భాభా కవచ్‌లో కూడా బోరాన్ కార్బైడే ఉంటుంది. దాని టెక్నాలజీ బార్క్‌ది.

ఇక టెస్ట్ సంగతి. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ 2008లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం ప్లేటుని ఒక మట్టి దిమ్మకి ఆనించి కడతారు. మనిషి ఒంటికి బదులు ఆ మట్టి. బొమ్మలు చేసేవాళ్ళు వాడే రోమా ప్లాస్టిలీనా అది! ముందు మట్టికే ఒక టెస్ట్ ఉంది: కిలో పైచిలుకు ఉక్కు గుండుని 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 19 మిల్లీమీటర్ల గుంట పడాలి, అటూ ఇటూగా. మనం కోడ్ కంటే ముందు ఎన్విరాన్‌మెంట్ సెటప్‌తో కుస్తీ పట్టినట్టే. ప్లేటుని కూడా ముందే పది రోజులు వేడిలో, తేమలో పెట్టి, తర్వాత గట్టి నేల మీద పడేస్తారు. ఆ తర్వాతే కాల్పులు, 15 మీటర్ల నుంచి. లెవెల్ 3 ప్లేటుకి సెకనుకి 847 మీటర్ల వేగంతో 6 తూటాలు. లెవెల్ 4కి 878 మీటర్ల వేగంతో వచ్చే కవచభేది తూటా ఒక్కటే చాలు.

తూటా ఆగినంత మాత్రాన పాస్ కాదు. వెనక మట్టిలో పడిన గుంట లోతు కొలుస్తారు. గీత 44 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. ఆ 44 ఎక్కడిదని వెతికితే 1970ల్లో మేకల మీద చేసిన ప్రయోగాలు బయటపడ్డాయి. అవి మెత్తటి కవచం మీద .38 క్యాలిబర్ చేతితుపాకీ తూటాలు పేల్చి చేసినవి. అదే అంకెని ఇప్పుడు రైఫిల్ ప్లేట్లకీ వాడుతున్నారు. ఎవరో ఎప్పుడో రాసిన కాన్‌స్టాంట్‌ని ముట్టుకోవడానికి అందరూ భయపడే కోడ్ మనకి కొత్త కాదు గానీ, ఇక్కడ ఆ కాన్‌స్టాంట్ వెనక ఉన్నది ఛాతీ.

మన దేశంలో ఐఎస్ 17051 అనే ప్రమాణం 2018లో వచ్చింది. 2024 ఏప్రిల్‌లో డీఆర్‌డీఓ వాళ్ళ కాన్పూర్ ల్యాబ్ చేసిన జాకెట్‌ని దాని ప్రకారమే చండీగఢ్‌లో పరీక్షించారు. ముందు ప్లేటు 7.62 × 54 ఆర్ కవచభేది తూటాలని ఆరింటిని ఆపింది. ఆరు అన్నది చిన్న విషయం కాదు. మొదటి తూటాకే ప్లేటులో పగుళ్ళు పాకుతాయి. రెండోది వచ్చేది ఆ పగిలిన ప్లేటు మీదికే.

ఇంతా చేసి, ఆ ప్లేటు చెత్తలోకి వెళ్తుంది. అన్నయ్యకి వచ్చేది దాని తోబుట్టువు, ఒక్క తూటా కూడా తగలనిది. దాన్ని ఎంత నమ్మొచ్చు? హాస్టల్లో కూర్చుని లెక్క వేశాను, పైథాన్‌లో ఒక్క లైను. ప్రతి వంద ప్లేట్లలో కనీసం 95 ఆపుతాయని 95 శాతం ధీమాతో చెప్పాలంటే, వరసగా 59 ప్లేట్లు కాల్చి, ఒక్కటీ ఫెయిల్ కాకూడదు. వందకి 99 అనాలంటే 299 ప్లేట్లు కాల్చాలి. ఒక్కో ప్లేటు ఖరీదు తలుచుకుంటే ఆ 299 ఎందుకు కష్టమో అర్థమవుతుంది. తలుచుకోకుండా ఉంటే కోపం వస్తుంది. నాకు రెండూ ఒకేసారి జరిగాయి.

దగ్గర కూర్చున్న రూమ్మేట్ స్క్రీన్ చూసి, "59లో ఒక్కటి ఫెయిలైతే?" అన్నాడు. అప్పుడు కాల్చాల్సినవి 93 అవుతాయి.

ఇంకో చిక్కు. ఫ్యాక్టరీలో బాగున్న ప్లేటు లారీలో, బ్యారక్‌లో కింద పడితే లోపల సన్నటి పగులు రావచ్చు. పైన గుడ్డ చుట్టి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. అందుకే అమెరికా సైన్యం వాడకంలో ఉన్న ప్లేట్లకి ఎక్స్‌రే తీస్తుంది. ప్లేటుని పగలగొట్టకుండా చేయగలిగిన టెస్ట్ అది.

అన్నయ్య దసరాకి వస్తానన్నాడు. ఎక్స్‌రే సంగతి అడగాలి. ప్లేటుని ఎప్పుడైనా కింద పడేశాడేమో కూడా.